మీరా నాయర్ కెమెరా ఎక్కడ నిలబడుతుంది

‘మిసిసిపి మసాలా’కు పెట్టుబడి కోసం దర్శకురాలు మీరా నాయర్ స్టూడియోల చుట్టూ తిరుగుతున్న రోజుల్లో ఒకచోట పెద్దలు ఓ కోరిక కోరారు. కథలో ఒక తెల్లవాడి ముఖ్యపాత్ర ఉంటే బాగుంటుంది కదా అన్నారు. ఆ కథలో హీరో తివాచీలు శుభ్రం చేసే నల్లజాతి యువకుడు. హీరోయిన్ 1972లో నియంత ఇడీ అమీన్ ఉగాండా నుంచి వెళ్లగొట్టిన గుజరాతీ కుటుంబపు పిల్ల. హోటల్ సర్వర్లందరినీ తెల్లవాళ్లనే పెడతానని మీరా మాట ఇచ్చారు. సంభాషణ అక్కడితో ముగిసింది. ఆ సినిమా డెంజెల్ వాషింగ్టన్, సరితా చౌదరి జంటగా 1991లో ఆమె అనుకున్నట్టుగానే వచ్చింది.

రెండు సంస్కృతుల మధ్య పనిచేసే దర్శకులందరికీ ఈ ఒత్తిడి తప్పదు. ఇటువాళ్ల సంగతి అటువాళ్లకు విడమరిచి చెప్పే మనిషిని ఒకణ్ని మధ్యలో పెట్టమంటారు. మీరా నాయర్ తీసిన మంచి సినిమాలన్నీ ఆ మధ్యవర్తిని కాదన్నవే. ఆమె కెమెరా గుమ్మం బయట నిలబడి లోపలి వింతలు చూపించదు. ఇంటి మనిషిలా లోపలే తిరుగుతుంది. అతిథికి ఏం అర్థమైందా అని మధ్యమధ్యలో ఆగి చూడదు.

ఈ అలవాటు ఆమెకు డాక్యుమెంటరీల నుంచి వచ్చింది. 1957లో రూర్కెలాలో పుట్టి, భువనేశ్వర్‌లో పెరిగిన మీరా, ఢిల్లీ మిరాండా హౌస్‌లో కొన్నాళ్లు చదివి స్కాలర్‌షిప్ మీద హార్వర్డ్‌కు వెళ్లారు. నటన మీద మోజుతో మొదలుపెట్టి కెమెరా వైపు మళ్లారు. తొలి ప్రయత్నం ఢిల్లీ జామా మసీదు వీధుల మీద. తర్వాత ‘సో ఫార్ ఫ్రమ్ ఇండియా’లో న్యూయార్క్ సబ్‌వేలో పేపర్లమ్మే మనిషినీ, అహ్మదాబాద్‌లో అతని కోసం ఎదురుచూసే భార్యనూ చూపించారు. బొంబాయి క్యాబరే నర్తకుల జీవితం మీద ‘ఇండియా క్యాబరే’ తీశారు. తీర్పు చెప్పకుండా పక్కన కూర్చుని చూడటం ఆమె నేర్చుకున్నది అక్కడే.

దాని ఫలం ‘సలాం బాంబే’. సూనీ తారాపోర్‌వాలాతో కలిసి కథ అల్లి, బొంబాయి వీధి పిల్లలనే నటులుగా తీసుకున్నారు. నాటకరంగానికి చెందిన బారీ జాన్ వాళ్లకు వర్క్‌షాప్ నడిపారు. వందమందికి పైగా పిల్లలు వచ్చారు. అక్కడ జరిగింది నేర్పడం కన్నా మరపించడమే ఎక్కువ. నటించమనగానే పిల్లలు హిందీ సినిమా హీరోల్లా డైలాగులు దంచేవారు. ఆ పూత వదిలించి, వాళ్లు రోజూ మాట్లాడే తీరుకే వాళ్లను తిరిగి తీసుకురావాల్సి వచ్చింది. షూటింగ్ అంతా నిజమైన వీధుల్లో, రైల్వేస్టేషన్లలో.

ఈ పద్ధతి ఎంత కఠినమైనదో ఇర్ఫాన్ ఖాన్ అనుభవం చెబుతుంది. నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా విద్యార్థిగా ఉండగా ఆయనను ఒక పెద్ద పాత్రకు ఎంచుకున్నారు. తీరా వీధి పిల్లల పక్కన నిలబెడితే పొడుగ్గా, పుష్టిగా కనిపించారు. పాత్ర పోయింది. పేవ్‌మెంట్ మీద ఉత్తరాలు రాసిపెట్టే మనిషిగా చిన్న సన్నివేశం మిగిలింది. ఎంత ప్రతిభ ఉన్నా చోటుకు నప్పకపోతే ఆమె ఒప్పుకోరు.

1988లో కాన్స్‌లో తొలి చిత్రానికిచ్చే కెమెరా డోర్ ఆ సినిమాకు దక్కింది. ‘మదర్ ఇండియా’ తర్వాత ఉత్తమ విదేశీ భాషా చిత్రం విభాగంలో ఆస్కార్ నామినేషన్ పొందిన రెండో భారతీయ చిత్రం అదే. ఆ చొరవతోనే వీధి పిల్లల కోసం సలాం బాలక్ ట్రస్ట్ పుట్టింది, నేటికీ పనిచేస్తోంది. అయినా ఒక మాట చెప్పుకోవాలి. అందులో కృష్ణ పాత్రకు జాతీయ అవార్డు అందుకున్న షఫీక్ సయ్యద్ ఆ తర్వాత బెంగళూరులో ఆటో నడుపుకున్నాడు. సినిమా లోకం అతని ముఖాన్ని గుర్తుంచుకుంది కానీ అతనికి పని ఇవ్వలేదు. వీధి నుంచి నటులను తెచ్చుకునే ప్రతి దర్శకుడికీ, దర్శకురాలికీ ఈ బాధ్యత ఎక్కడిదాకా అన్న ప్రశ్న ఎదురవుతుంది.

‘మాన్సూన్ వెడ్డింగ్’ పూర్తిగా వేరే లోకం. ఢిల్లీలో ఒక పంజాబీ పెళ్లిల్లు. సబ్రీనా ధావన్ రచన, సూపర్ 16 ఫిల్ము, చేతిలో పట్టుకున్న కెమెరా, 30 రోజుల షూటింగ్. ఇంటి సామాను, చీరలు, నగలు చాలావరకు బంధుమిత్రుల దగ్గర తెచ్చినవే. అమెరికాకు పంపిన ఫిల్ములో కొంత విమానాశ్రయం ఎక్స్‌రేలో పాడైతే ఆ సన్నివేశాలు మళ్లీ తీశారు. మాటలు హిందీ, పంజాబీ, ఇంగ్లిష్ మధ్య తడబాటు లేకుండా దొర్లుతాయి. ఇంట్లో ఆడపిల్లను చిన్నప్పుడు లైంగికంగా వేధించినవాడు ఆ కుటుంబాన్ని ఆదుకున్న పెద్దమనిషే. పెళ్లి ముంగిట అతణ్ని వెళ్లిపొమ్మని చెప్పాల్సిన పెళ్లికూతురి తండ్రి లలిత్ (నసీరుద్దీన్ షా) ముఖంలో కోపం కన్నా సిగ్గు ఎక్కువగా కనిపిస్తుంది. గొంతు పెంచడు. మెలోడ్రామాకు తలుపులు బార్లా తెరిచి ఉన్నా మీరా అటు వెళ్లలేదు. సినిమా మొత్తంలో అత్యుత్తమ నిర్ణయం అదే. 2001లో వెనిస్‌లో గోల్డెన్ లయన్ గెలిచింది. సత్యజిత్ రాయ్ ‘అపరాజితో’ తర్వాత భారతీయ దర్శకుల చిత్రానికి ఆ గౌరవం దక్కడం అదే మొదటిసారి.

‘ది నేమ్‌సేక్’ (2006) దగ్గరికి వచ్చేసరికి ఇండియా, అమెరికా రెండు లోకాలూ ఒకే చట్రంలోకి వచ్చాయి. ఝుంపా లాహిరి నవల. ఉత్తరాలు రాసిన ఇర్ఫాన్ ఈసారి అశోక్ గంగూలీ, భార్య ఆషిమాగా టబు. పేర్ల పట్టికలో బెంగాలీ లిపి కరిగి ఇంగ్లిష్ అక్షరాలవుతుంది. కలకత్తా, న్యూయార్క్ వంతెనలు ఒకదాన్నొకటి పలకరించుకుంటాయి. పెళ్లిచూపుల్లో లోపలికి వెళ్లబోతూ ఆషిమా గుమ్మం దగ్గర విప్పిన అతని అమెరికా బూట్లలో క్షణంసేపు కాళ్లు పెట్టి చూస్తుంది. అమెరికా చేరాక డబ్బాలోని రైస్ క్రిస్పీస్‌లో వేరుశెనగలు, కారం కలుపుకుని తింటుంది. మన పిడతకింద పప్పు రుచి ఎరిగినవాళ్లకు దాన్ని ఎవరూ వివరించనక్కర్లేదు, మీరా కూడా వివరించలేదు. పిల్లలు డాలస్‌లోనో న్యూజెర్సీలోనో స్థిరపడిన తెలుగు ఇళ్లలో ఈ సినిమా చూస్తే, వేళకాని వేళ మోగే ఫోను సన్నివేశం దగ్గర ఎవరూ మాట్లాడరు.

తనకు ఊరూ వాడా తెలియని చోట మీరా సినిమా తేలిపోయిన సందర్భాలూ ఉన్నాయి. విమాన చోదకురాలు అమేలియా ఇయర్‌హార్ట్ మీద 2009లో తీసిన ‘అమేలియా’లో డబ్బుంది, తారలున్నారు, ఇంటి వాసన లేదు.

ఉగాండా రాజధాని కంపాలాతో ఆమె బంధం ‘మిసిసిపి మసాలా’ పరిశోధనలో మొదలైంది. భర్త మహమూద్ మమ్దానీ పరిచయమైంది అప్పుడే. అక్కడే 2004లో తూర్పు ఆఫ్రికా యువ సినీకారుల కోసం మైషా ఫిల్మ్ ల్యాబ్ పెట్టారు. మన కథలు మనం చెప్పుకోకపోతే మరెవరూ చెప్పరన్నది దాని సూత్రం. అక్కడ పని నేర్చుకున్నవాళ్లలో నటి లుపిటా న్యోంగో ఒకరు. కంపాలా మురికివాడ నుంచి వచ్చిన చదరంగం క్రీడాకారిణి ఫియోనా ముటేసి కథను 2016లో ‘క్వీన్ ఆఫ్ కాట్వే’గా తీసినప్పుడు, ఫియోనా తల్లి పాత్ర లుపిటాదే. డబ్బు డిస్నీది. షూటింగ్ మాత్రం చాలావరకు ఆ కాట్వే వీధుల్లోనే. ముఖ్యపాత్ర వేసిన మదీనా నల్వాంగా అంతకుముందు సినిమా ముఖం ఎరగని కంపాలా అమ్మాయి. చివర్లో పేర్లు పడుతున్నప్పుడు ఒక్కో నటుడి పక్కకూ ఆ పాత్రకు మూలమైన అసలు మనిషి నడిచి వచ్చి నిలబడతారు.