పొద్దు గుంకిందంటే కవిత్వమా?

సూర్యుడు అస్తమించాడనీ, చంద్రుడు వెలుగుతున్నాడనీ, పక్షులు గూళ్లకు మళ్లుతున్నాయనీ ఎవరైనా చెబితే అది కవిత్వమవుతుందా? సంస్కృత ఆలంకారికులు ఈ మాటను శతాబ్దాలపాటు వదల్లేదు. సాహిత్యమంటే ఏమిటో తేల్చడానికి వాళ్లు పెట్టుకున్న పరీక్షల్లో ఇదొకటి.

భామహుడు కాదన్నాడు. అది ఉత్త వార్త. ఆయన లెక్కలో వక్రోక్తి లేనిది కావ్యం కాదు. లోకంలో అందరూ అనే తీరు నుంచి మాట కొంత పక్కకు ఒరగాలి. దండి మాత్రం, ఫలానా వేళ అయిందని తెలపవలసిన సందర్భంలో అది బాగానే ఉంటుందన్నాడు.

9వ శతాబ్దంలో కశ్మీరానికి చెందిన ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకంలో చర్చను మరో మలుపు తిప్పాడు. మాటకు నేరుగా ఉన్న అర్థం అభిధ. అది పొసగనప్పుడు పట్టుకునేది లక్షణ. ‘గంగలో గొల్లపల్లె’ అంటే ఊరు నీళ్లలో ఉండదు కనుక ఒడ్డున ఉందని గ్రహిస్తాం. మరి ఒడ్డు అనే అనవచ్చుగా? గంగ అనడంలో ఆ చోటి చల్లదనం, పవిత్రత కూడా స్ఫురిస్తాయి. ఆ స్ఫురింపజేసే శక్తి వ్యంజన. కావ్యానికి ప్రాణమైన ధ్వని దానివల్లే పుడుతుంది.

11వ శతాబ్దపు మమ్మటుడు ఆ పాత సూర్యాస్తమయాన్నే మళ్లీ ముందుకు తెచ్చాడు. పొద్దు గుంకిందన్న మాట సేనాపతికి శత్రువు మీద పడే అదను. ప్రియుణ్ణి కలవాల్సిన అమ్మాయికి బయల్దేరమన్న సైగ. పనివాళ్లకు చాలించమని, పశువుల కాపరికి ఆవుల్ని ఇంటికి తోలమని. వాక్యం ఒక్కటే, అర్థాలే వేరు. కాబట్టి ఎవరు, ఎవరితో, ఏ గొంతుతో, ఎక్కడ, ఎప్పుడు అన్నారో చూడమంటాడు. నేటి కథలో ఒక సంభాషణను విప్పి చూడడానికీ ఈ ప్రశ్నలు సరిపోతాయి.

అయితే కాపరికి వేసిన కేకలోనూ సూచన ఉంది, అదీ కావ్యమేనా? నిర్వచనం అక్కర్లేనిదాన్ని కలుపుకుంటే అతివ్యాప్తి, కావలసినదాన్ని వదిలేస్తే అవ్యాప్తి. ధ్వనివాదులు మొదటి దోషాన్ని తప్పించుకోవడానికి, సూచన ఉంటే చాలదు, అందులో సౌందర్యం ఉండాలన్నారు.

రెండో దోషాన్ని జగన్నాథ పండితరాయలు విశ్వనాథుడనే ఆలంకారికుడి నిర్వచనంలో పట్టుకున్నాడు. పండితరాయలు కోనసీమలోని ముంగండకు చెందిన తెలుగువాడు, షాజహాన్ కొలువులో మన్ననలందుకున్నాడు. రసం ఉన్న వాక్యమే కావ్యమని విశ్వనాథుడంటే, మహాకవులు వర్ణించిన నీటి ఉరవళ్లు, కోతుల చేష్టలు, పిల్లల ఆటలు ఏమైపోవాలని అడిగాడు. రమణీయమైన అర్థాన్నిచ్చే శబ్దమే కావ్యమంటూ తన నిర్వచనం తాను చేసుకున్నాడు. కవిత్వాన్ని నిలబెట్టి, నిర్వచనాన్ని మార్చడం ఈ సంప్రదాయంలోని గొప్ప గుణం.

దాని బలహీనత సహృదయుడి దగ్గర, అంటే కావ్యాన్ని ఆస్వాదించే పాఠకుడి దగ్గర ఉంది. కావ్యాలు చదివి చదివి మనసును అద్దంలా తేటపరచుకున్నవాడే సహృదయుడని ధ్వనివాది అయిన అభినవగుప్తుడు అన్నాడు. చదువు అందని స్త్రీల, దళితుల మాటేమిటి? తెలుగులో 1993లో నీలిమేఘాలు, 1995లో చిక్కనవుతున్న పాట సంకలనాలు వరుసగా స్త్రీల, దళితుల కవిత్వాన్ని ఒకచోట చేర్చాయి. ఇలాంటి కవిత్వాన్ని అశ్లీలమనీ నినాదమనీ కొట్టిపారేసినవాళ్లు లేకపోలేదు. పండితరాయల తర్కం ప్రకారమే చూస్తే, ఆ కవితలు పట్టని నిర్వచనానిది అవ్యాప్తి దోషం. దిద్దుకోవలసింది నిర్వచనాన్నే.