పాటల సంపుటిని విమర్శించడం ఎలా? పి. సుశీల మేటి పాటల మీద ఒక పరిశీలన

పాఠ్యాంశ లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• మేటి పాటల సంపుటిని ఒక కళారూపంగా గుర్తించి, దాని బలాన్నీ పరిమితినీ వివరించగలుగుతారు.
• నేపథ్య గాయని కంఠాన్ని పాత్రతోనూ కవితోనూ కలిపి వినే పద్ధతిని తెలుసుకుంటారు.
• పొగడ్తకూ విమర్శకూ మధ్య ఉన్న తేడాను ఉదాహరణలతో చెప్పగలుగుతారు.

1. పరిచయం

బుచ్చయ్యపేటలో సెల్‌ఫోన్ దుకాణానికి వెళ్ళి 'సుశీల పాటలు వేసి పెట్టు బాబూ' అంటే ఐదు నిమిషాల్లో మెమరీ కార్డు నిండిపోతుంది. ఇంటికి తెచ్చి పెట్టుకుంటే పాటలు ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉంటాయి. ఏ పాట ఏ సినిమాలోదో, ఎవరు రాశారో, ఎవరు బాణీ కట్టారో ఎక్కడా ఉండదు. తెర మీద 'సుశీల హిట్స్' అన్న రెండు మాటలూ ఒక అంకే కనిపిస్తాయి. పూర్వం క్యాసెట్టు కొన్నప్పుడు కనీసం వెనక అట్ట మీద చిన్న అక్షరాల్లో ఆ వివరాలు ఉండేవి. ఇప్పుడు ఆ అట్ట కూడా పోయింది.

పాటలు వినడానికి అట్ట ఎందుకని మీరు అడగవచ్చు. ఆనందానికి అక్కరలేదు, విమర్శకు కావాలి. ఎందుకు కావాలో ఈ పాఠంలో చూద్దాం. సుశీల పాటల సంపుటాలు అనేకం వచ్చాయి. వాటిలో ఏదో ఒకదాన్ని కాక, వాటన్నిటికీ ఉన్న సామాన్య స్వరూపాన్ని మనం పరిశీలిస్తున్నామని గమనించండి.

2. గాయని గురించి కొన్ని వివరాలు

పులపాక సుశీల 1935 నవంబరు 13న విజయనగరంలో జన్మించారు. ఆ ఊరి మహారాజా సంగీత కళాశాలలో చదువుకున్నారు. 1919లో ఆ కళాశాల ఏర్పడినప్పుడు ఆదిభట్ల నారాయణదాసు మొదటి అధ్యక్షులు. ఘంటసాల కూడా అక్కడి విద్యార్థే. అంటే తెలుగు సినిమా పాటకు పెద్ద దిక్కయిన రెండు గొంతులు మన ఉత్తరాంధ్రలోని ఒకే కళాశాలలో సాధన చేశాయి. సుశీల 1950ల తొలి సంవత్సరాల్లో పెండ్యాల నాగేశ్వరరావు సంగీత దర్శకత్వంలో సినిమాల్లోకి వచ్చారు. జాతీయ స్థాయిలో ఉత్తమ నేపథ్య గాయనికి ఇచ్చే అవార్డును అందరికంటే ముందు అందుకున్నారు. 2008లో పద్మభూషణ్ వచ్చింది. ఆరు భారతీయ భాషల్లో 17,695 పాటలు రికార్డు చేశారని 2016లో గిన్నిస్ సంస్థ గుర్తించింది.

ఈ చివరి అంకె దగ్గర ఒక్క నిమిషం ఆగండి. ఇరవై పాటల సంపుటి అంటే దాదాపు 885 పాటలకు ఒకటి చొప్పున ఏరడం. అన్నం ఉడికిందో లేదో తెలుసుకోవడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు. ఆ లెక్క అన్నానికి సరిపోతుంది, ఎందుకంటే కుండలో మెతుకులన్నీ ఒకే బియ్యానివి. పాటలు అలా కావు.

3. మేటి పాటల సంపుటి: రూపం, చరిత్ర

ఈ రూపం మనం పుట్టించినది కాదు. 78 వేగంతో తిరిగే పాత గ్రామఫోను రికార్డులో ఒక్కో వైపున సుమారు మూడు నిమిషాల పాటకే చోటుండేది. లాంగ్‌ప్లే రికార్డు వచ్చాక ఒక్కో వైపున ఇరవై నిమిషాలకు పైగా చోటు దొరికింది. అప్పటికే జనం మెచ్చిన పాటలను ఒక్క పళ్ళెంలో వడ్డించే ఆలోచన దానితో వచ్చింది. 1958లో అమెరికాలో జానీ మాథిస్ పాటలతో వచ్చిన సంపుటిని ఈ తరహాకు తొలి నమూనాగా చెబుతారు. తరువాత గంట నిడివి క్యాసెట్టు ఈ రూపాన్ని మన పల్లెల దాకా తెచ్చింది.

అక్కడికీ ఇక్కడికీ ఒక ముఖ్యమైన తేడా ఉంది. అమెరికాలో సోల్ సంగీతానికి మహారాణి అనిపించుకున్న అరీతా ఫ్రాంక్లిన్ 1967లో పాడిన 'రెస్పెక్ట్' పాటను చూడండి. అది ఓటిస్ రెడ్డింగ్ రాసి 1965లో తానే పాడిన పాట. అరీతా దాన్ని ఒక స్త్రీ గొంతుతో పాడి, అర్థమే మార్చి, తన సొంతం చేసుకుంది. కాబట్టి ఆమె మేటి పాటల సంపుటిలో వినిపించే మనిషి ఆమే. మన నేపథ్య గాయని పరిస్థితి అది కాదు. పాట ఆమె దగ్గరికి రాకముందే ఒక పాత్రకు చెంది ఉంటుంది. ఆ పాత్రలో ఇమిడిపోయి, తాను కనిపించకుండా పోవడమే ఆమె పని. మేటి పాటల సంపుటి చేసేది దీనికి పూర్తిగా వ్యతిరేకం. అది పాత్రను తీసేసి గాయనిని మాత్రం మిగులుస్తుంది.

ఈ పాఠంలో మన వాదం ఇదే: సుశీల సంపుటాలు ఆమె గొంతును నిలబెట్టాయి గాని, ఆమె పనితనాన్ని దాచేశాయి. పాత్రలన్నీ తీసేస్తే మిగిలేది మాధుర్యం ఒక్కటే. అందుకే ఆమె గురించి ఎవరిని అడిగినా 'మధుర గాయని' అన్న ఒక్క మాటతో ముగిస్తారు. ఆ మాట అబద్ధం కాదు, కానీ అది విమర్శ కాదు. బెల్లం తియ్యగా ఉంటుందని అనకాపల్లి ప్రాంతం వాళ్ళకు ఎవరూ చెప్పనక్కరలేదు. పాకం ఎక్కడ దించారో చెప్పగలిగినవాడే బెల్లం సంగతి తెలిసినవాడు.

4. పాత్రతో కలిపి వినడం

ఇప్పుడు సంపుటాల్లో తరచు కనిపించే కొన్ని పాటలను వాటి చోట్లలో పెట్టి విందాం.

(అ) ఒకే సినిమా, ఇద్దరు స్త్రీలు. ఆదుర్తి సుబ్బారావు దర్శకత్వంలో 1964లో వచ్చిన 'మూగమనసులు' చిత్రానికి కె.వి. మహదేవన్ సంగీతం. అందులో 'గోదారి గట్టుంది' పాట దాశరథి రచన. జమున ధరించిన గౌరి పాత్ర కోసం సుశీల పాడారు. 'నా పాట నీ నోట పలకాల సిలక' ఆత్రేయ రచన. అందులో సావిత్రి ధరించిన రాధ పాత్రకు కూడా సుశీలే పాడారు. గౌరి గోదావరి ఒడ్డున పెరిగిన పల్లెపడుచు. రాధ చదువుకున్న జమీందారు బిడ్డ. రెండో పాటలో పడవవాడు గురువు, చదువుకున్న పిల్ల శిష్యురాలు. ఆమె అలవాటు కొద్దీ 'చిలక' అంటుంది. అతను ఒప్పుకోడు, 'సిలక' అనాలంటాడు. సుశీల ఇక్కడ మొదట శుద్ధంగా పలకాలి, తరువాత ఆ శుద్ధిని వదులుకోవడం నేర్చుకుంటున్నట్టు పలకాలి. నేర్చుకునేటప్పటి తడబాటు వినబడాలి, శ్రుతి మాత్రం చెదరకూడదు. బడికి వెళ్ళిన తొలిరోజుల్లో ఇంటి మాటను దిద్దించుకున్న మనకు ఈ తిరగేసిన పాఠం విలువ బాగా తెలుస్తుంది. సంపుటిలో ఈ రెండు పాటలూ వేరువేరు చోట్ల పడితే, రెండూ 'సుశీల పాటలు'గానే వినిపిస్తాయి. పక్కపక్కన పెట్టి వింటే ఇద్దరు మనుషులు కనిపిస్తారు.

(ఆ) పిల్లల గొంతు. 1963 నాటి 'లవకుశ'లో ఘంటసాల సంగీతంలో లవకుశుల పాటలు సుశీల, పి. లీల కలిసి పాడారు. ఇద్దరు పెద్ద గాయనులు ఇద్దరు మునిబాలకులుగా మారాలి. 'రామకథను వినరయ్యా' పాటలో ఎక్కడా ముద్దు పలుకులు లేవని గమనించండి. గమకాలను తగ్గించి, మాటను నిలువుగా, స్పష్టంగా పలకడం ద్వారానే బాల్యం సూచించారు. గురువు నేర్పిన కథను తప్పు పోకుండా అప్పజెప్పే పిల్లల క్రమశిక్షణ ఆ పలుకులో ఉంది. సుశీల సంపుటిలో ఈ పాట 'భక్తి' అన్న శీర్షిక కింద చేరుతుంది. నిజానికి ఇది ముందుగా నటన, ఆ తరువాతే భక్తి.

(ఇ) మాటలేని నాయిక. కె. విశ్వనాథ్ 'సిరిసిరిమువ్వ' 1976లో వచ్చింది. అందులోని 'ఝుమ్మంది నాదం' వేటూరి రచన. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యంతో కలిసి సుశీల పాడారు. ఆమెకు జాతీయ అవార్డు తెచ్చిన పాట ఇది. సంపుటిలో వింటే ఇది హుషారైన యుగళగీతం. కాని ఆ కథలో నాయిక మూగది. ఆమె కాళ్ళు మాట్లాడతాయి, నోరు మాట్లాడదు. అలాంటి కథలో వినిపించే స్త్రీ కంఠం ఎవరిది? ఆమెకు లేని గొంతు అది. ఈ సంగతి తెలిసిన తరువాత అదే పాటను మళ్ళీ వినండి. ఆ హుషారు కింద మరొకటి వినిపిస్తుంది.

5. కవితో కలిపి వినడం

సాహిత్య విద్యార్థులుగా మీరు మరో నష్టాన్ని కూడా గుర్తించాలి. 1975 నాటి 'ముత్యాలముగ్గు'లో 'నిదురించే తోటలోకి' రాసినది గుంటూరు శేషేంద్రశర్మ. ఆధునిక కవిత్వంలో మీరు వేరే పాఠంగా చదివే కవి ఆయన. 1982 నాటి 'మేఘసందేశం'లో 'ఆకులో ఆకునై' దేవులపల్లి కృష్ణశాస్త్రిది. ఆ చిత్రం విడుదలకు ముందే, 1980లో, కవి కన్నుమూశారు. భావకవిత్వం మీ పాఠ్యపుస్తకంలోనే ఆగిపోకుండా, చదువు రాని వాళ్ళ నోళ్ళలో కూడా నిలిచిందంటే దానికి రమేష్ నాయుడు బాణీ, సుశీల పలుకు కారణాలు. ఈ రెండు పాటల్లోనూ ఆమె మాటను స్వరం కింద నలగనివ్వరు. పదం ముగిసేచోట ఊపిరి తీసుకుంటారు గాని మధ్యలో తుంచరు. ఇది పద్యం చదవడం వచ్చిన మనిషి పని.

కవి పేరు లేని సంపుటిలో ఈ పాటలు విన్న విద్యార్థి, పరీక్షలో శేషేంద్రశర్మ గురించి నాలుగు పేజీలు రాసి కూడా, తన అమ్మ నోట రోజూ వింటున్న పాట ఆయనదేనని తెలియకుండా ఉండిపోవచ్చు. పుస్తకానికీ జీవితానికీ మధ్య ఉన్న దారి అక్కడ తెగిపోతుంది. అట్ట మీది ఆ చిన్న అక్షరాల విలువ ఇదీ.

6. పరిమితులు

విమర్శ అంటే మెచ్చుకున్నదాన్ని కూడా ప్రశ్నించడం. మాధుర్యమన్న ముద్రకు కారణం సంపుటాలు మాత్రమే అనడం పూర్తి న్యాయం కాదు. కొంత కారణం ఆ గొంతులోనూ ఉంది. 1955 నాటి 'రోజులు మారాయి'లో జిక్కి పాడిన 'ఏరువాక సాగారో' విని, వెంటనే 'గోదారి గట్టుంది' వినండి. జిక్కి పలుకులో మట్టి, ఎండ తగులుతాయి. సుశీల పాటలో ఊపు ఉంది, చిలిపితనం ఉంది, కాని ప్రతి అక్షరం కడిగిన ముత్యంలా ఉంటుంది. గౌరి లాంటి పిల్ల అంత శుభ్రంగా పలుకుతుందా అన్న ప్రశ్న వేయవచ్చు. నా అభిప్రాయంలో అది నిజమైన పరిమితే. అయితే నాయికలందరికీ ఒకే గొంతు కావాలని పరిశ్రమ దశాబ్దాల పాటు కోరుకున్నప్పుడు, ఆ బరువంతా ఒక్క గాయని మీద పడిందని కూడా గుర్తుంచుకోవాలి. మీరు ఒప్పుకోకపోయినా ఫరవాలేదు, మీ కారణాలు పాటలోంచే చూపాలి.

ఇంకొక పరిమితి భాషది. సుశీలకు వచ్చిన ఐదు జాతీయ అవార్డుల్లో మొదటి రెండూ తమిళ చిత్రాలకు వచ్చినవే. తెలుగు సంపుటి ఎంత బాగున్నా ఆమె జీవితంలో ఒక భాగమే. దాన్ని మొత్తం అనుకోకూడదు.

సంపుటికి ఉన్న మేలు కూడా చెప్పి తీరాలి. 1955 నాటి 'మిస్సమ్మ'లోని 'బాలనురా మదనా' పాట ఈ రోజుకీ ఇళ్ళలో వినిపిస్తున్నదంటే సంపుటాల చలవ కొంత ఉంది. ఎందరో సినిమాలు మరిచిపోయారు, పాటలు మరవలేదు. అది చిన్న సేవ కాదు. సంపుటి తలుపు వంటిది. గుమ్మంలోనే నిలబడి ఇల్లంతా చూశాననుకోవడం మన పొరపాటు.

7. సారాంశం

మేటి పాటల సంపుటి జనం అభిమానాన్ని కొలుస్తుంది, కళాకారిణి శక్తిని పూర్తిగా కొలవదు. నేపథ్య గాయని కళ పాత్రలో ఉంది కాబట్టి, పాట నుంచి పాత్రను వేరుచేసినప్పుడు కళలో సగం వినబడదు. విమర్శకుడు పాత్రను, కవిని, స్వరకర్తను తిరిగి పాట పక్కన నిలబెట్టాలి. 'తియ్యగా ఉంది' అన్న చోట మొదలుపెట్టి, 'ఎక్కడ, ఎవరి కోసం, ఎలా' అన్న ప్రశ్నల దాకా వెళ్ళాలి. సుశీల పాటలు ఈ ప్రశ్నలను తట్టుకుంటాయి. అడిగినకొద్దీ మరింత ఇస్తాయి కూడా.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. అరీతా ఫ్రాంక్లిన్ సంపుటికీ సుశీల సంపుటికీ ఉన్న ప్రధానమైన తేడా ఏమిటి?
2. 'మూగమనసులు'లోని రెండు పాటల ఆధారంగా పాత్రోచితమైన పలుకును వివరించండి.
3. 'గోదారి గట్టుంది' పాట గురించి ఈ పాఠంలో చెప్పిన పరిమితిని మీరు అంగీకరిస్తారా? కారణాలు రాయండి.
4. మీ ఇంట్లో పెద్దలకు ఇష్టమైన ఐదు సుశీల పాటలు అడిగి రాసుకోండి. ఒక్కోదానికి సినిమా, సంవత్సరం, రచయిత, స్వరకర్త, పాత్ర వివరాలు చేర్చి, మీ సొంత సంపుటికి ఒక పేజీ ముందుమాట రాయండి. సంపర్క తరగతికి వచ్చేటప్పుడు వెంట తీసుకురండి.