ఐదేళ్లు, రెండు పాయింట్లు

2018 జకార్తా ఆసియా క్రీడల్లో కాంపౌండ్ విలువిద్య మహిళల జట్టు ఫైనల్. మనవాళ్ల స్కోరు 240కి 228. 231 కొట్టిన దక్షిణ కొరియా స్వర్ణం పట్టుకుపోయింది. మళ్లీ 2023లో హాంగ్‌ఝౌలో అదే ఫైనల్. ఈసారి మనవాళ్లు 230 కొట్టారు, చైనీస్ తైపీ 229 దగ్గర ఆగిపోయింది. ఆ రెండు జట్లలోనూ ఉన్నది విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ. 2014లో ఇంచియాన్‌లో ఇదే విభాగంలో కాంస్యం గెలిచిన జట్టులోనూ ఆమె ఉంది. కాంస్యం నుంచి స్వర్ణానికి తొమ్మిదేళ్లు పట్టింది. అందులో చివరి ఐదేళ్లలో జట్టు స్కోరుకు కలిసింది రెండంటే రెండు పాయింట్లు.

విజయవాడలో బస్సెక్కి మైలవరం మీదుగా వస్తే రెండు గంటల్లో మన తిరువూరు. పక్క ఊరి బిడ్డ గెలిస్తే మనమే గెలిచినట్టు సంబరపడతాం, అది సహజమే. అయితే ఆ రెండు పాయింట్ల వెనక పని ఎంతుందో తెలుసుకుంటే ఆ సంబరానికి విలువ పెరుగుతుంది. మన ఊరి పిల్లల్లో ఎవరికైనా ఆ దారి పట్టాలని ఉంటే, వాళ్లకు మనం చేయాల్సిందేమిటో కూడా తెలుస్తుంది.

ఒక్క బాణం వెనక

ఒలింపిక్స్‌లో మనం చూసే రికర్వ్ పోటీలో టార్గెట్ 70 మీటర్ల దూరంలో ఉంటుంది. దాని వెడల్పు 122 సెంటీమీటర్లు, నడుమ పది పాయింట్ల వలయం 12.2 సెంటీమీటర్లు. విల్లు ఒక్క డిగ్రీ పక్కకు తిరిగితే బాణం మధ్య నుంచి 1.2 మీటర్లు తొలగిపోతుంది, అంటే టార్గెట్‌నే దాటిపోతుంది. పదిలో పడాలంటే తేడా డిగ్రీలో ఇరవయ్యో వంతు మించకూడదు.

ఆ కచ్చితత్వం కంటిచూపు ఒక్కదానితో రాదు, పాదాల దగ్గర మొదలవుతుంది. బాణం వేసే గీతకు అటొకటి ఇటొకటి పాదాలు పెట్టి, బరువు రెండింటి మీదా సమంగా ఉంచాలి. కుడిచేతి వాటమున్నవారు విల్లును ఎడమచేత్తో పడతారు. పట్టు బిగించకూడదు, బిగిస్తే బాణం వదిలేటప్పుడు విల్లు మెలిక తిరుగుతుంది. నారిని కుడిచేతి మూడు వేళ్లతో లాగి, చెయ్యి దవడ కిందికి, నారి గడ్డానికి, ముక్కు కొనకు తగిలేలా తేవాలి. దీన్నే యాంకర్ అంటారు. ప్రతి బాణానికీ చెయ్యి సరిగ్గా అక్కడికే రావాలి. ఆపైన లాగే పని చేతిది కాదు, వీపు కండరాలది. బాణం మొన క్లిక్కర్ అనే సన్నటి రేకు కిందినుంచి జారగానే టక్‌మని చప్పుడవుతుంది. అప్పుడు వేళ్లు వదులవ్వాలి. బాణం టార్గెట్‌కు తగిలేదాకా విల్లు పట్టిన చెయ్యి కదలకూడదు.

పురుషుల రికర్వ్ విల్లును పూర్తిగా లాగాలంటే 20 కిలోలకు పైగా బలం పెట్టాలి. ర్యాంకింగ్ రౌండ్‌లో 72 బాణాలు వేయాలి. ఇరవై కిలోల లెక్కే వేసుకున్నా, ఆ ఒక్కపూటలో వీపు లాగిన బరువు 1,440 కిలోలు. సాధనలో 300 బాణాలు వేసిన రోజు అది ఆరు టన్నులు.

జ్యోతి సురేఖ వాడే కాంపౌండ్ విల్లు వేరు. అంచుల్లో తిరిగే చక్రాల వల్ల నారి పూర్తిగా లాగాక బరువు చాలావరకు తగ్గిపోతుంది. గురి చూడటానికి భూతద్దం, నారి వదలడానికి చేతిలో ఇమిడే రిలీజ్ పరికరం ఉంటాయి. ఇంత సదుపాయం ఉంది కాబట్టి తేలికనుకుంటారు. కానీ దూరం 50 మీటర్లు, పది వలయం 8 సెంటీమీటర్లే. ఇక్కడ తొమ్మిది వస్తే వెనకబడినట్టే. హాంగ్‌ఝౌ వ్యక్తిగత ఫైనల్లో ఆమె 15 బాణాల్లో 14 పదులు, ఒక్క తొమ్మిది కొట్టి 149–145తో కొరియా క్రీడాకారిణి సో చే-వాన్‌ను ఓడించింది. ఆ క్రీడల్లో ఆమెకది మూడో స్వర్ణం.

వదులుకునేదేమిటి?

త్యాగమనగానే పండగలు, పెళ్లిళ్లు, ఇష్టమైన తిండి వదులుకోవడం గుర్తొస్తుంది. అవి నిజమే. విలుకారులు అంతకంటే కష్టమైనదాన్ని వదులుకుంటారు: కొత్తదనాన్ని. కొత్తగా చేరిన పిల్లలు ముందు రబ్బరు పట్టీ లాగుతూ భంగిమ నేర్చుకుంటారు. తర్వాత నాలుగైదు మీటర్ల దూరంలో, టార్గెట్ కాగితమే లేని దిమ్మకు బాణాలు వేస్తారు, ఒక్కోసారి కళ్లు మూసుకుని. స్కోరు ఉండదు, చప్పట్లుండవు. చాలామంది విసిగి మానేసేది ఇక్కడే. పేరున్న క్రీడాకారులు కూడా తప్పు దిద్దుకోవాలనుకున్నప్పుడల్లా ఈ దిమ్మ దగ్గరికే తిరిగొస్తారు. అలవాటైన పద్ధతి మార్చుకుంటే ముందు స్కోరు పడిపోతుంది. ఆ పడిపోయిన కాలాన్ని తట్టుకుని నిలబడటమే అసలు సాధన.

గెలిచాక కూడా ఈ సాధన ఆగదు. 1988 నుంచి 2024 దాకా మహిళల జట్టు ఒలింపిక్ స్వర్ణం పదిసార్లూ కొరియాదే. అక్కడ పాత పతకం చూపించి జట్టులోకి రావడం కుదరదు. ఎంతటి ఛాంపియనైనా మళ్లీ సెలక్షన్ పోటీల్లో నిలిచి గెలవాల్సిందే.

ఇంత చేసినా ఫలం చేతికొస్తుందన్న హామీ లేదు. విజయవాడ కుర్రాడు బొమ్మదేవర ధీరజ్ 2024 పారిస్ ఒలింపిక్స్ ర్యాంకింగ్ రౌండ్‌లో 681 పాయింట్లతో నాలుగో స్థానంలో నిలిచాడు. తర్వాత వ్యక్తిగత పోటీలో కెనడా ఆటగాడు ఎరిక్ పీటర్స్‌తో సమమై షూటాఫ్‌కు వెళ్లాడు. ఇద్దరూ పదే కొట్టారు. పీటర్స్ బాణం మధ్యకు కాస్త దగ్గరగా ఉంది, ధీరజ్ ఆ పోటీ నుంచి నిష్క్రమించాడు. మిక్స్‌డ్ జట్టులో అంకిత భకత్‌తో కలిసి కాంస్య పోరు దాకా వెళ్లి నాలుగో స్థానంతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. ఒలింపిక్ విలువిద్యలో పతకానికి భారతీయులు అంత దగ్గరగా వెళ్లడం అదే మొదలు. పతకం రాలేదని ఆ శ్రమను వృథా అనగలమా?

ఎవరి భుజాల మీద?

ధీరజ్ ఓనమాలు దిద్దిన ఓల్గా ఆర్చరీ అకాడమీని చెరుకూరి సత్యనారాయణ విజయవాడలో నడిపారు. ఆ పేరు ఆయన కూతురిది. కూతురు రోడ్డు ప్రమాదంలో పోయింది. విలుకాడిగా, కోచ్‌గా పేరు తెచ్చుకున్న కొడుకు లెనిన్‌నూ 2010లో రోడ్డు ప్రమాదమే బలి తీసుకుంది. అంత దుఃఖంలోనూ ఆయన విల్లు దించలేదు, ఊళ్లో పిల్లల చేతికి అందిస్తూనే వచ్చారు. విజయవాడ నుంచి విలుకారులు వరసగా ఎలా వస్తున్నారని అడిగేవాళ్లకు జవాబులో ఈ పట్టుదల పెద్ద భాగం.

అలాగని ఇలాంటి త్యాగాలను పొగిడి ఊరుకుంటే లాభం లేదు. అంతర్జాతీయ పోటీకి పనికొచ్చే విల్లు, బాణాలు కొనాలంటే లక్షలు కావాలి. ఇల్లు తాకట్టు పెట్టగలిగినవాళ్లకే ఆట అందితే, తాకట్టు పెట్టడానికి ఇల్లే లేని పిల్లల సంగతేమిటి? ఓర్పు ఏ ఇంట్లోనైనా పుడుతుంది. అది కుదురుకునే చోటు మాత్రం ఊరు చూపించాలి.

తిరువూరు లాంటి ఊళ్లో ఆరంభానికి పెద్ద స్టేడియం అక్కర్లేదు. మన దేశంలో వెదురు విల్లుతో 50, 30 మీటర్ల దూరాల్లో ఆడే ఇండియన్ రౌండ్ ఉంది. తక్కువ ఖర్చుతో మొదలుపెట్టొచ్చు. బాణం దారిలోకి మనుషులు, పశువులు రాని స్థలం, వెనక ఎత్తైన మట్టికట్ట, నాలుగు దిమ్మలు, రోజూ సాయంత్రం తప్పకుండా వచ్చే కోచ్ ఉంటే చాలు. అన్నిటికంటే ముఖ్యం కోచ్. భుజం ఎత్తుతున్న పిల్లవాణ్ని మొదటి నెలలోనే దిద్దకపోతే ఆ తప్పు ఏళ్లతరబడి వెంటాడుతుంది.

2028 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో తొలిసారి కాంపౌండ్ మిక్స్‌డ్ జట్టు పోటీ పెడుతున్నారు. ఇన్నేళ్లూ ఒలింపిక్ తలుపు మూసి ఉన్న ఆటలోనే జ్యోతి సురేఖ ఇంత సాధించిందని గుర్తుంచుకోవాలి. మన పిల్లలకు ఆమె పతకాల జాబితాతో పాటు ఆ 228కీ 230కీ మధ్య గడిచిన ఐదేళ్ల కథ కూడా చెప్పాలి. పరీక్షలో మార్కులు తగ్గాయని తల్లడిల్లే పిల్లలకూ, ఏడాదిలో ఫలితం రాలేదని ఆట మాన్పించే తల్లిదండ్రులకూ ఆ కథ ఎంతో అవసరం.