ఆప్తవాక్యము: బళ్ళారి గనుల నివేదికలపై ఒక విమర్శ

ప్రత్యక్షము, అనుమానము, ఉపమానము, శబ్దము అని నైయాయికులు ప్రమాణములను నాలుగుగా విభజించిరి. శబ్దము ప్రమాణము కావలెనన్న అది ఆప్తుని వాక్యమై యుండవలెను. విషయమును ఉన్నదున్నట్లు ఎరిగి, ఎరిగినది ఎరిగినట్లు చెప్పువాడు ఆప్తుడు. గాలిలోని ధూళిని, భూగర్భజలమును, అడవి విస్తీర్ణమును కొలిచి శాస్త్రజ్ఞులు వ్రాయు నివేదిక సామాన్యునకు శబ్దప్రమాణమే. ఆ కొలతలను అతడు స్వయముగా సరిచూడలేడు. కావున నివేదికను నమ్మవచ్చునా అను ప్రశ్న, వ్రాసినవాడు ఆప్తుడా అను ప్రశ్నగా పరిణమించుచున్నది. ప్రజలకు శాస్త్రజ్ఞానము లేనందుననే వారు నివేదికలను శంకింతురని కొందరి అభిప్రాయము. బళ్ళారి ఇనుపగనుల చరిత్ర ఈ అభిప్రాయమును బలపరచదు.

2006 సెప్టెంబరు 14 నాటి కేంద్రప్రభుత్వ ప్రకటన ప్రకారము గని తెరువగోరు సంస్థయే పర్యావరణ ప్రభావ నివేదికను వ్రాయించును. వ్రాయు సలహాదారునకు ప్రతిఫల మిచ్చునదియు ఆ సంస్థయే. సలహాదారుడు విద్వాంసుడును సత్యసంధుడును కావచ్చును. అయినను పొలము తగవులో ఒక పక్షమువారు డబ్బిచ్చి పిలిపించిన అమీను కొలతను రెండవ పక్షమువారు వెంటనే ఒప్పుకొనరు. అది అజ్ఞానము కాదు, లోకరీతి.

ఈ శంకకు అనుభవము తోడైనది. 2010లో బేలెకేరి రేవున ప్రభుత్వము స్వాధీనపరచుకొన్న ఇనుప ఖనిజములో సుమారు 5 లక్షల టన్నులు మాయమైనది. కావలి యున్నదే పోయినపుడు కాగితములలోని అంకెలను నమ్ముమనుట ఎట్లు? కర్ణాటక లోకాయుక్త జస్టిస్ ఎన్. సంతోష్ హెగ్డే 2008లో మొదటి నివేదికను, 2011 జులై 27న రెండవ నివేదికను సమర్పించిరి. అనుమతిపత్రముల లెక్కను, ఎగుమతియైన ఖనిజపు లెక్కను పక్కపక్కన నిలిపి చూపుట వాని బలము. ప్రభుత్వమునకు కలిగిన నష్టము 16,085 కోట్ల రూపాయలని రెండవ నివేదిక అంచనా వేసినది.

2011 జులై 29న సుప్రీంకోర్టు బళ్ళారి జిల్లాలో గనుల త్రవ్వకమును నిలిపివేసినది. సంయుక్త బృందము లీజుల హద్దులను నేలపై కొలిచినది. కేంద్ర సాధికార కమిటీ 45 లీజులను 'ఎ' శ్రేణిగను, 72 లీజులను 'బి' శ్రేణిగను, 49 లీజులను 'సి' శ్రేణిగను నిర్ణయించినది. 2013 ఏప్రిల్ 18 నాటి తీర్పు ఈ విభజనను ఆమోదించి, అక్రమములు మిక్కుటముగానున్న 'సి' శ్రేణి లీజులను రద్దుచేసినది. ఆ దినములలో నివేదికకు విలువ కలుగుటకు హేతువు స్పష్టము. వ్రాసినవారికి గనిపై లాభము లేదు. వ్రాసినదాని ఫలితము కంటికి కనబడినది. శబ్దమునకు ప్రత్యక్షము తోడయ్యెను. అయితే పని పోయిన కూలీలకును, అప్పుచేసి లారీలు కొన్నవారికిని అదే నిర్ణయము పిడుగుపాటైనది. వారికి ఆజ్ఞ మాత్రమే చేరినది గాని దాని వెనుకనున్న విచారణ చేరలేదు.

సరిహద్దున చిక్కు మరియొకటి కలదు. 1953 అక్టోబరు 1న పాత బళ్ళారి జిల్లా విడిపోయి, ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్ర రాష్ట్రమున చేరెను. మిగిలిన భాగము మైసూరులో కలిసెను. ఆ సరిహద్దు రేఖయే కొండలపై వివాదాస్పదమైనందున, దానిని ఆనుకొనియున్న 7 లీజులను 2013 తీర్పు తెరువనీయలేదు. రేఖకు ఈవల తెలుగు మాతృభాషగా గలవారు నేటికిని ఉన్నారు. రాజ్యాంగము 350వ అధికరణము ప్రకారము దేశమునగాని రాష్ట్రమునగాని వాడుకలోనున్న ఏ భాషయందైనను పౌరుడు అధికారికి మొర పెట్టుకొనవచ్చును. అనగా ఆక్షేపణను తెలుగున వ్రాయు హక్కు కలదు. ఆక్షేపింపవలసిన నివేదిక మాత్రము తెలుగున లభింపదు. పూర్తి నివేదిక ఇంగ్లీషులో నుండును. సంగ్రహము రాష్ట్రభాషలోనికి వచ్చును. చదువలేనిదానిని నమ్ముటయు, నమ్మకుండుటయు రెండును గ్రుడ్డితనమే యగును.

జిల్లాలో సాలీనా త్రవ్వదగిన ఖనిజమునకు సుప్రీంకోర్టు విధించిన పరిమితి మొదట 250 లక్షల టన్నులు. తరువాత 280 లక్షలు. 2022 ఆగస్టు 26న 350 లక్షలైనది. మొదటి పరిమితికి డెహ్రాడూనులోని భారతీయ అటవీ పరిశోధన, విద్యా మండలి చేసిన ప్రభావ అధ్యయనము ఆధారము. తరువాతి పెంపునకు హేతువులు ఉత్తర్వులో కలవు. అవి సండూరు కొండల క్రింది పల్లెకు చేరనంతకాలము, అంకె పెరిగినదను వార్త మాత్రమే అచట మిగులును.

అవిశ్వాసమును మాత్రము పూర్తిగా మెచ్చుకొనరాదు. అన్ని నివేదికలును అబద్ధములేయన్న మాట జనులలో స్థిరపడినచో లోకాయుక్త నివేదికయు ఆ రాశిలోనే చేరిపోవును. అపుడు లాభము పొందువాడు రైతు కాడు, అక్రమముగా త్రవ్వినవాడే. శంక విచారణకు ద్వారము కావలెను గాని విచారణను తప్పించుకొను సాకు కారాదు.

కావున నివేదిక వ్రాయువానికి ప్రతిఫలము గని యజమాని చేతినుండిగాక వేరొక నిధినుండి రావలెను. పల్లెలోని బావిమట్టమువంటి కొలతలైనను గ్రామస్థుల యెదుట జరుగవలెను. సంగ్రహము ఆ ఊరివారు మాటలాడు భాషలో, తెలుగు పల్లెలలో తెలుగున, సభకు ముందుగనే చేరవలెను. ఇవి జరుగకుండ ప్రజలను నమ్ముమని కోరుట, ఆప్తుని చూపక వాక్యమును మాత్రము ప్రమాణముగా గైకొనుమనుటయే.