అట్ట లోపలి పేర్లు

పాత పుస్తకం చేతికొస్తే నేను ముందు అట్ట తిప్పి, లోపల ఎవరి సంతకమైనా ఉందా అని చూస్తాను. మీలోనూ చాలామందికి ఈ అలవాటు ఉండే ఉంటుంది. ఆ అలవాటే పెద్ద పరిశోధన అయితే ఎలా ఉంటుందో 'ఫుట్‌ప్రింట్స్'లో చూడొచ్చు. న్యూయార్క్‌లోని కొలంబియా యూనివర్సిటీలో యూదు అధ్యయనాల లైబ్రేరియన్ మిషెల్ మార్గోలిస్, కొందరు చరిత్రకారులతో కలిసి చేస్తున్న పని ఇది. పేరుకి డేటాబేసే గానీ, నేను దీన్ని ఒక రచనలాగే చదివాను.

లైబ్రరీ క్యాటలాగులో మామూలుగా రచయిత పేరు, పుస్తకం పేరు, అచ్చయిన ఊరు, ఏడాది ఉంటాయి. వెయ్యి ప్రతులకీ అదే పరిచయం. ఫుట్‌ప్రింట్స్‌కి మాత్రం ఒక్కో ప్రతీ ముఖ్యమే. అది ఎప్పుడు, ఏ ఊళ్ళో, ఎవరి దగ్గర ఉందో సంతకాలు, ముద్రలు, అమ్మకపు జాబితాల ఆధారంగా అడుగడుగూ నమోదు చేస్తారు.

నన్ను పట్టి కూర్చోబెట్టినవి సెన్సార్ల సంతకాలు. 1553లో రోమ్‌లో తాల్ముద్ ప్రతుల్ని కుప్పపోసి తగలబెట్టారు. తర్వాతి దశాబ్దాల్లో ఇటలీలో ఎన్నో హీబ్రూ పుస్తకాలు సెన్సార్ల చేతుల్లో పడ్డాయి. వాళ్ళలో ఒకడు డొమెనికో జెరొసొలిమితానో. యూదుడిగా పుట్టి క్రైస్తవంలోకి మారినవాడు. ఏ పుస్తకంలో ఏ వాక్యాలు కొట్టెయ్యాలో 1596లో ఒక జాబితానే తయారుచేశాడు, అదీ హీబ్రూలోనే. కొట్టివేతలు అయ్యాక పుస్తకంలో సంతకం పెట్టేవాడు. ఇప్పుడు కొన్ని ప్రతుల్లో సెన్సార్ల సిరా వెలిసిపోయి, కింది అచ్చు అక్షరాలు మళ్ళీ కనిపిస్తున్నాయి. ఆ ప్రతి ఒకప్పుడు ఇటలీలో ఉందనడానికి, కొట్టేసినవాడి సంతకమే ఇవాళ సాక్ష్యం!

ఈ గుర్తుల మీద ఇంత పట్టుదల ఎందుకంటే, మనుషుల్ని తరిమినప్పుడల్లా వాళ్ళ పుస్తకాలూ చెల్లాచెదురయ్యాయి. నాజీలు దోచిన పుస్తకాల్ని యుద్ధం తర్వాత జర్మనీలోని ఒఫెన్‌బాఖ్‌లో వేరుచేసినప్పుడు, లోపలి ముద్రలే దిక్కయ్యాయి. హీబ్రూ రానివాళ్ళు కూడా ముద్ర ఆకారాన్ని గుర్తుపట్టి గుట్టలు పెట్టారు. సొంతదారులు దొరకని పుస్తకాల్ని లైబ్రరీలకు పంచిన సంస్థకు కొలంబియా ప్రొఫెసర్ సాలో బారన్ అధ్యక్షుడు. హన్నా ఆరెంట్ అందులో పనిచేశారు. అక్కడ ఒక ముద్ర ఉండడం, లేకపోవడం చిన్న తేడా కాదు.

ఇంత మంచి పనితో నాకు రెండు పేచీలున్నాయి. మొదటిది మ్యాపు. వెనిస్ నుంచి ఇంకో ఊరికి ఒక గీత. అమ్మితే వెళ్ళిందా, వారసత్వంగా వెళ్ళిందా, దోచుకుపోయారా? గీత చెప్పదు. రికార్డు తెరిచి చదవాలి. అందమైన మ్యాపు కళ్ళముందు ఉండగా ఎంతమంది తెరుస్తారు?

రెండోది ఇంకా లోతైనది. సంతకం చాలాసార్లు సొంతదనానికి గుర్తు, చదువుకి కాదు. అన్న పుస్తకం చదువుకున్న చెల్లెలు, అరువు తెచ్చుకుని మళ్ళీ ఇచ్చేసిన కుర్రాడు పేరు రాసి ఉండరు. కాబట్టి ఇది ముఖ్యంగా పుస్తకాలు కలవాళ్ళ చరిత్ర. పేరు రాయని పాఠకుల్ని వెతకడానికి వేరే దారి కావాలి.

అయినా, ఒక ప్రతి స్కాన్ అయితే చాలు, మిగతావెందుకు అనే రోజుల్లో ఈ పని విలువ నాకు బాగా తెలిసొచ్చింది. పాత తెలుగు పుస్తకాల పీడీఎఫ్‌లలో గ్రంథాలయం ముద్ర ఉన్న పేజీని ఇన్నాళ్ళూ గబగబా దాటేసేవాణ్ణి. ఇప్పుడు జూమ్ చేసి, ఏ ఊరో చదువుతున్నాను.