స్లాబుకు సున్నం

తెలంగాణలో ఇందిరమ్మ ఇళ్ల పథకం మొదలైంది భద్రాచలంలోనే, 2024 మార్చి 11న. ఇంటికి 5 లక్షల రూపాయలు, కనీసం 400 చదరపు అడుగులు, వంటగది, మరుగుదొడ్డి, పైన స్లాబు. అడవి అంచున తడికె గోడల మధ్య బతికిన కుటుంబాలకు అది చిన్న సంగతి కాదు. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. అంత వరదకు మట్టి గోడ నిలవదు. తాటాకు కప్పుకైతే నిప్పు భయం, కొన్నేళ్లకోసారి మళ్లీ కప్పించే ఖర్చు సరేసరి. స్లాబు కావాలనడం న్యాయమైన కోరిక.

కానీ మే నెల వస్తుంది.

కొత్తగూడెం, భద్రాచలం వైపు ఎండ 45 డిగ్రీలు దాటే రోజుల్లో కాంక్రీటు పగలంతా వేడి పీల్చుకుని, పొద్దుగూకాక గదిలోకి వదులుతుంది. అర్ధరాత్రి దాకా నిద్ర పట్టదు. ఫ్యాను ఆ వేడి గాలినే తిప్పుతూ ఉంటుంది. ఇక్కడి కోయ గిరిజనుల పాత ఇంట్లో ఈ బాధ ఇంతగా ఉండదు. వెదురు తడికెకు మెత్తిన మట్టి, వంగి లోపలికి వెళ్లాల్సినంత కిందికి దిగిన చూరు, గోడకూ కప్పుకూ మధ్య పొగ పోయే సందు. చూరు వల్ల గోడకు ఎండ తగలదు, లోపలి వేడి పై సందులోంచి పోతుంది, ఆకు పొరల మధ్య నిలిచిన గాలి పై వేడిని అడ్డుకుంటుంది. కరెంటు ఖర్చు లేని ఈ తెలివిని కొత్త ఇంటికి తెచ్చుకోవచ్చు. ఎదురెదురు కిటికీలు, పైన వెంటిలేటరు, పడమటి గోడకు సజ్జ కావాలని కట్టేటప్పుడే మేస్త్రీకి చెప్పాలి. తర్వాతైతే గోడ పగలగొట్టాల్సిందే.

స్లాబు సంగతికొస్తే, అన్నిటికంటే చవకైన మందు సున్నం. రాతి సున్నాన్ని ముందు రోజే డ్రమ్ములో నీళ్లు పోసి నానబెట్టాలి. అది కుతకుత ఉడుకుతుంది, కళ్లలో చిందితే ప్రమాదం, పిల్లల్ని దగ్గరికి రానీయకూడదు. చల్లారాక గుడ్డతో వడగట్టి ఫెవికాల్ కలిపితే పూత గట్టిగా పట్టుకుంటుంది. స్లాబు ఊడ్చి, కడిగి, తడి మీదే పొద్దున్నే మొదటి పూత వేయాలి. అది ఆరాక రెండోది. వానలకు కొంత పోతుంది కాబట్టి ఏటా ఎండలు ముదరకముందే మళ్లీ వేసుకోవాలి. తెల్లటి పైకప్పు ఎండలో ఎక్కువ భాగాన్ని వెనక్కి కొట్టేస్తుంది, గదిలో రెండు మూడు డిగ్రీలైనా తగ్గుతుంది.

ఇలా వేడిని వెనక్కి కొట్టే పైకప్పుల కోసం దేశంలో ముందుగా తెలంగాణే 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది. మంచి పని. అయితే 600 చదరపు గజాల లోపు స్థలాల్లో సొంతంగా కట్టుకునే ఇళ్లకు అది తప్పనిసరి కాదు. గూడెంలో అంతకంటే పెద్ద స్థలం ఎవరికుంటుంది? వేడికి ఎక్కువ నలిగే ఇళ్లే ఆ నిబంధనకు బయట ఉండిపోయాయి.

పైకప్పు, గాలి దారి కుదిరాకే ఫ్యాను, కూలరు గురించి ఆలోచించాలి. పాత రకం సీలింగ్ ఫ్యాను దాదాపు 75 వాట్లు తింటుంది, బీఎల్‌డీసీ రకం 30 వాట్ల చుట్టూ. రోజుకు 15 గంటలు తిరిగితే ఒక్క ఫ్యాను మీదే నెలకు 20 యూనిట్లు మిగులుతాయి. గృహజ్యోతి పథకం కింద నెలకు 200 యూనిట్ల దాకా కరెంటు ఉచితమే. అది దాటితే మొత్తం బిల్లు కట్టాలి కాబట్టి ఫ్రిజ్, టీవీ ఉన్న ఇంటికి ఆ 20 చాలా విలువైనవి. కూలరు పెట్టి తలుపులు బిగించుకోవడం దండగ. తేమ పోయే దారి లేకపోతే ఒళ్లు జిగటగా మారుతుందే తప్ప చల్లబడదు. కూలరును ఒక కిటికీలో పెట్టి ఎదుటి కిటికీ తీసి ఉంచాలి.

ఇందిరమ్మ ఇంటికి చివరి లక్ష ఇల్లు పూర్తయ్యాక వస్తుంది. ఇంటిని చూడటానికి వచ్చే అధికారి ఒక్కసారి పైకెక్కి స్లాబుకు సున్నం పడిందో లేదో కూడా చూడాలి. ఆ ఖర్చును అంచనాలోనే చేర్చినా పథకానికి పెద్ద భారం కాదు. ఇంకా పునాది దశలో ఉన్న ఇళ్లకైతే కిటికీలు ఎటు పెట్టాలో చెప్పడానికి కూడా ఇప్పుడే సమయముంది.