నిన్న చేశాడుగా, ఇవాళేమైంది?

"నిన్న చక్కగా తిన్నాడండీ. ఇవాళ అదే పప్పన్నం పెడితే కంచం విసిరేశాడు. కావాలనే చేస్తున్నాడు."

పిల్లల ఆక్యుపేషనల్ థెరపీలో ఉన్నవాళ్లం ఈ మాట వినని రోజుండదు. ఒకరోజు చేసినవాడు మర్నాడు చేయకపోతే అది మొండితనమేనని పెద్దల లెక్క. మూడు, నాలుగేళ్ల పిల్లల దగ్గర ఈ లెక్క చాలాసార్లు తప్పుతుంది. అన్నం అదే, కంచం అదే. కానీ కంచం ముందుకొచ్చేలోగా ఆ బిడ్డ ఒళ్లూ చెవులూ ఎంత భరించాయన్నది రోజుకో రకం. అందుకే నేను గొడవ కన్నా ముందు గడిచిన గంట గురించి అడుగుతాను.

ఈమధ్య ఒకావిడ ఎల్‌కేజీ చదివే బాబును తీసుకొచ్చింది. కొన్ని రోజులు బుద్ధిగా ఉంటాడట, కొన్ని రోజులు పక్కపిల్లల్ని నెట్టేస్తాడట. వంటింట్లో వేలాడే క్యాలెండరు మీద గొడవైన రోజు గీత పెట్టి, అంతకుముందు ఏం జరిగిందో రాయమన్నాను. 'అల్లరి చేశాడు' అని వద్దు. ఎంతసేపు పడుకున్నాడు, ఏం తిన్నాడు, ఒంటి మీద ఏ బట్టలు, చుట్టూ ఏం చప్పుళ్లు, ఇవి కావాలి. నెల తిరిగేసరికి గీతలు చాలావరకు బుధ, శనివారాల్లో పడ్డాయి. ఆ రెండు రోజులూ బడికి తెల్ల యూనిఫాం. ఆ ఇంట్లో తెల్లబట్టలకు గంజి పెడతారు. బిరుసెక్కిన కాలరు, మెడ వెనక గుచ్చుకునే లేబుల్, బిగుతు కాన్వాస్ బూట్లు. పైగా ఆ రోజుల్లోనే ప్రార్థనలో డ్రమ్ము వాయించి కవాతు చేయిస్తారు. శనివారమైతే పొద్దున్నే తలంటు కూడా. తరగతిలో కూర్చునేసరికే వాడి ఓపిక అయిపోయేది. పక్కపిల్ల మోచెయ్యి తగిలితే చాలు, నెట్టేసేవాడు.

గంజి మానేశారు. లేబుల్‌ను కుట్టుతో సహా ఊడదీశారు. తలంటు ఆదివారానికి మార్చడానికి నాయనమ్మను ఒప్పించడమే కష్టమైంది. టీచరమ్మ బాబును డ్రమ్ముకు దూరంగా, వరుస చివర నిలబెట్టింది. నెట్టడం బాగా తగ్గింది. పూర్తిగా పోలేదు, పోతుందని నేను చెప్పనూ లేదు.

మా రంగానికి ఈ చూపునిచ్చింది అమెరికాకు చెందిన థెరపిస్టు జీన్ ఎయిర్స్. ఆమె ముఖ్య గ్రంథం 1972లో వచ్చింది. మనం చెప్పుకునే అయిదు ఇంద్రియాలే కాక, ఒంటి సమతూకాన్నీ కదలికనూ తెలిపే ఏర్పాటు లోపలి చెవిలో ఉంది. కాలూ చెయ్యీ ఎక్కడున్నాయో తెలిపేది కండరాల్లో, కీళ్లలో ఉంది. వీటన్నిటి నుంచి వచ్చే కబుర్లను మెదడు సర్దుకోవాలి. కొందరికి చిన్న తాకిడే పెద్దగా అందుతుంది, కొందరికి పెద్దదీ సరిగా అందదు. ఒకే బిడ్డలో రెండూ ఉండొచ్చు. మిక్సీ వేస్తే చెవులు మూసుకునేవాడే మంచం మీంచి పదేపదే దూకుతాడు. చూసేవాళ్లకది నాటకంలా ఉంటుంది. చెవికి ఎక్కువైంది, కీళ్లకు చాలలేదు, అంతే.

బడిలో నోరెత్తని పిల్ల ఇంటికొచ్చి చెప్పులు విప్పకముందే ఏడుపు అందుకుంటే 'ఇంట్లో పులి, వీధిలో పిల్లి' అని నవ్వేస్తారు. పొద్దంతా బిగబట్టుకున్నది అమ్మ దగ్గర బయటపడటం నాకు నవ్వులాటగా అనిపించదు. అలాంటి పిల్లను రాగానే హోంవర్కుకు కూర్చోబెట్టకండి. కాసేపు ఉయ్యాల ఊగనివ్వండి, చిన్న బరువేదైనా మోయించండి, ఒప్పుకుంటే గట్టిగా దగ్గరికి తీసుకోండి. పైపైన నిమిరితే చిరాకుపడే పిల్లలు చాలామంది ఒత్తి పట్టుకుంటే నెమ్మదిస్తారు. కాళ్ల మీద పడుకోబెట్టుకుని నూనె రాసే అమ్మమ్మలు అరచెయ్యంతా ఆనించి రాస్తారు, చూడండి.

అలాగని ప్రతి పేచీనీ ఇంద్రియాల ఖాతాలో వేయడం నాకిష్టం లేదు. ఈ ఇంద్రియ తేడాలను విడి జబ్బుగా నిర్ధారించడం సరికాదని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2012లోనే చెప్పింది. నిద్ర, మలబద్ధకం, నులిపురుగులు, రక్తహీనత ముందు చూడాలి. పిలిస్తే ఒకసారి పలికి, ఒకసారి పలకని బిడ్డకు మొదట వినికిడి పరీక్షే చేయించాలి. జలుబు చేసినప్పుడు కర్ణభేరి వెనక నీరు చేరితే వినికిడి తగ్గుతుంది, నీరు తగ్గితే మళ్లీ వస్తుంది. ఇంట్లోవాళ్లు 'కావలసినప్పుడు వినబడుతుంది వీడికి' అనుకుంటారు.

మాట ఆలస్యమైనా, వచ్చిన మాటలు పోయినా, పేరుపెట్టి పిలిస్తే తిరగకపోయినా 'వాళ్ల నాన్నకీ ఆలస్యంగానే వచ్చాయి' అంటూ ఆగొద్దు. ఆటిజం ఉందేమో చూపించాలి. మానసిక రుగ్మతల నిర్ధారణకు వాడే డీఎస్ఎం-5 అనే గ్రంథం 2013లో ఇంద్రియ తేడాలనూ దాని లక్షణాల్లో చేర్చింది. ఇలా చూపించడానికి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద డీఈఐసీ అనే జిల్లా సత్వర చికిత్స కేంద్రాలున్నాయి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం పనిచేసే జాతీయ సంస్థ ఉంది. వెళ్లేటప్పుడు తేదీలు, వేళలు రాసుకున్న కాగితం పట్టుకెళ్లండి, ఇంట్లో ఫోన్‌తో తీసిన చిన్న వీడియో ఉంటే అదీ చూపించండి. డాక్టరు గదిలో ఉన్న కాసేపూ మీ బాబు బుద్ధిగా కూర్చుంటే, మీరు చెప్పబోయేది అక్కడెవరికీ కనబడదు.